చూసి వస్తే సరిపోతుందా?

పుట్టినరోజో, పెళ్లిరోజో, పోయినవాళ్ల సంవత్సరీకమో దగ్గరపడితే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి హోటల్లో దండగెందుకు, ఏదైనా అనాథాశ్రమంలో పిల్లలకు భోజనం పెట్టి వద్దాం." ఎర్రగడ్డ నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా ఫిల్మ్‌నగర్ దాకా ఈ ఆనవాయితీకి సినిమా రంగు కూడా అంటింది. హీరో పుట్టినరోజు వస్తే అభిమాన సంఘాల తరఫున రక్తదానం, పళ్ల పంపిణీ, ఆశ్రమంలో కేకు మామూలే. పిల్లలను వరసగా కూర్చోబెడతారు, ఫొటోలు తీస్తారు, సాయంత్రానికి అవి వాట్సాప్ స్టేటస్‌లకు ఎక్కుతాయి. పెట్టే చెయ్యి మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ దత్తత కోసం ఎదురుచూసే పసివాళ్లుండే చోట ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ తెచ్చిన సామాను ఆఫీసులో తీసుకుంటారు. పిల్లల గదిలోకి మాత్రం పోనివ్వకూడదు, ఫొటో అసలే తీయనివ్వకూడదు. "పాపం, పిల్లలను చూసి వస్తామంటే ఇంత కట్టడి ఏమిటి?" అని చాలామంది నొచ్చుకుంటారు. ఆ కట్టడి ఎందుకు వచ్చిందో, ఆ పిల్లల్లో కొందరు దేశం దాటి ఎందుకు వెళతారో, వాళ్లను చూడటానికి అసలు ఎవరు వస్తారో ఒకటొకటిగా చూద్దాం.

ముందు ఆ పిల్లలెవరో తెలియాలి. ఆసుపత్రి మెట్ల మీదో, బస్టాండులోనో, ప్రభుత్వం పెట్టిన ఊయలలోనో దొరికినవాళ్లు కొందరు. తల్లిదండ్రులు చనిపోయి, చూసుకునే బంధువులు లేనివాళ్లు కొందరు. పెంచలేమని కన్నవాళ్లే అప్పగించినవాళ్లు మరికొందరు. పిల్ల ఎలా వచ్చినా మొదట జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఆరేళ్లలోపు పిల్లలను శిశుగృహాల్లో ఉంచుతారు. అలాంటివాటిలో మన నగరంలో పేరున్నది యూసుఫ్‌గూడ పక్కన మధురానగర్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ నడిపే శిశు విహార్. ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ నుంచి అమీర్‌పేటలో రైలు మారితే అట్టే దూరం లేదు.

శిశుగృహంలో ఉన్న ప్రతి బిడ్డా దత్తతకు సిద్ధంగా ఉన్నట్టు కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. దొరికిన బిడ్డ కన్నవాళ్ల కోసం ముందు వెతకాలి. జిల్లా పేజీల్లో "ఈ పాప తల్లిదండ్రులెవరైనా ఉంటే సంప్రదించగలరు" అని చిన్న ఫొటోతో ప్రకటనలు చూసే ఉంటారు. అవి ఈ వెతుకులాటలో భాగమే. రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలల్లో, ఆపై వయసు బిడ్డకు నాలుగు నెలల్లో ఈ విచారణ తేల్చి, దత్తతకు చట్టరీత్యా అభ్యంతరం లేదని సంక్షేమ సమితి ప్రకటించాలి. కన్నవాళ్లు అప్పగించిన బిడ్డ అయితే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలలు గడువుంటుంది. అదంతా అయ్యాకే బిడ్డ వివరాలు ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ ఆన్‌లైన్ జాబితాకు ఎక్కుతాయి. ఈ సంస్థను అందరూ పిలిచే పేరు కారా. 1990లో ఏర్పడింది.

అక్కడి నుంచి బిడ్డ విదేశాలకు వెళ్లే దారి ఎలా పడుతుంది? 2015 నాటి బాలల న్యాయ చట్టం మొదటి అవకాశం మనకే ఇచ్చింది. దత్తతకు అర్హత వచ్చిన 60 రోజుల్లో దేశంలోని దంపతులుగానీ ప్రవాస భారతీయులుగానీ ముందుకు రాకపోతేనే బిడ్డ వివరాలు విదేశీ దంపతుల ముందుకు వెళతాయి. వైకల్యం ఉన్నవాళ్లు, విడదీయకూడని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఐదేళ్లు దాటినవాళ్ల విషయంలో విదేశీ దత్తతకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని కూడా అదే చట్టం చెబుతుంది.

ఆ ప్రాధాన్యాల జాబితా ఊరికే తయారైంది కాదు. మనం ఎవరిని వద్దంటామో దాన్ని బట్టే తయారైంది. 2021 చివరికి దేశంలో దాదాపు 28 వేల దరఖాస్తులు దత్తత కోసం వరసలో ఉన్నాయి. దత్తతకు అర్హత పొందిన పిల్లలు ఆ రోజుల్లో రెండు వేల చిల్లర. ఈ లెక్క ప్రకారం ఒక్క బిడ్డ కూడా మిగలకూడదు. కానీ మిగులుతారు. ఎందుకంటే వరసలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కోరేది నెలల పసిగుడ్డును, ఆరోగ్యంగా ఉన్నదాన్ని, చుట్టాలు చూసి ప్రశ్నలు వేయనిదాన్ని. పెదవి చీలిన బిడ్డ, గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ, వినికిడి లేని బిడ్డ, తమ్ముడి చెయ్యి వదలని ఆరేళ్ల అక్క ఆ వరసలో ఎవరి కంటికీ ఆనరు. పెదవి చీలికను ఆపరేషన్‌తో సరిచేయవచ్చు, గుండె రంధ్రాల్లో చాలావాటికి వైద్యం ఉంది. అయినా "మన పోలిక రావాలి కదా" అనే మాట దగ్గర వ్యవహారం ఆగిపోతుంది. ఇటలీ నుంచో, స్పెయిన్ నుంచో, అమెరికా నుంచో వచ్చే దంపతులకు ఏ బిడ్డకూ తమ పోలిక రాదని ముందే తెలుసు. ఆ బెంగ లేదు గనక మిగతా బెంగలు కూడా కొంత తేలికవుతాయేమో. ఇది నా ఊహ. అయితే ఫలితం కళ్లెదుట ఉంది: మనవాళ్లు వదిలేసిన ఫైళ్లే ఎక్కువగా విమానం ఎక్కుతున్నాయి. 2024–25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగితే అందులో 4,155 దేశంలోపలివే. విదేశాలకు వెళ్లింది వందల్లోనే. ఒకప్పటితో పోలిస్తే ఇది బాగా తక్కువ. తగ్గడానికి ఉన్న కారణాల్లో ఒకటి మన నగరంలోనే పుట్టింది.

1980ల ముందు విదేశీ దత్తతకు దేశంలో ప్రత్యేక చట్టమంటూ లేదు. విదేశాలకు పంపే పేరుతో పిల్లల వ్యాపారం జరుగుతోందని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్.భగవతి ఇచ్చిన తీర్పు సంస్థలకు గుర్తింపు, దంపతుల ఇంటి పరిశీలన, కోర్టు అనుమతి వంటివి తప్పనిసరి చేసింది. కాగితం మీద పద్ధతి కుదిరింది. కానీ కాగితం ఉన్న ప్రతిచోటా దొంగ కాగితం పుట్టే వీలూ ఉంటుంది.

1990ల్లో హైదరాబాద్ విదేశీ దత్తతలకు పెద్ద కేంద్రం. నగరంలోని ప్రైవేటు హోములకు విదేశీ దంపతులు వచ్చి పిల్లలను చూసి, ఆడించి, తీసుకెళ్లేవారు. 1999లో ఒకసారి, 2001లో మరోసారి పెద్ద కలకలం రేగింది. నల్లగొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల్లో ఆడశిశువులను దళారులు కొని హైదరాబాద్ హోములకు చేరుస్తున్నారని బయటపడింది. తల్లికి ముట్టింది కొన్ని వందలో కొన్ని వేలో రూపాయలు. అవతల విదేశీ దంపతులు కట్టింది వేల డాలర్లు. చదువురాని తల్లుల వేలిముద్రలతో తయారైన "స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాం" అనే పత్రాల మీద అనుమానాలు ముసురుకున్నాయి. అరెస్టులు జరిగాయి, హోముల అనుమతులు పోయాయి, పిల్లలను ప్రభుత్వ సంరక్షణలోకి మార్చారు.

తండా తల్లులను రాక్షసులుగా చూపిన రాతలు అప్పట్లో తక్కువేమీ రాలేదు. ఈ వ్యవహారాన్ని అధ్యయనం చేసిన గీతా రామస్వామి, చరిత్రకారుడు భంగ్యా భుక్యా వంటివారు అసలు కారణాలను తవ్వి చూపించారు. లంబాడాల్లో పూర్వం వరుడి తరఫువాళ్లే వధువు ఇంటికి ఓలి ఇచ్చుకునేవారు. ఆడపిల్ల భారమనే మాటకు అక్కడ చోటు లేదు. తండాలు ఊళ్లకు దగ్గరై, పశువుల మీద బతుకు పోయి, నీళ్లు లేని చెలకల మీద ఆధారపడ్డాక ఓలి పోయి కట్నం వచ్చింది. రెండు తరాల్లో లెక్క తలకిందులైంది. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టిన ఇంటికి దళారి సరిగ్గా ఆ సందులోంచే వచ్చాడు. కొనేవాడు లేకుండా అమ్మకం ఉండదు గనక ఈ నేరంలో పెద్ద వాటా తండాది కాదు, నగరానిది.

అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2001 ఏప్రిల్‌లో గట్టి ఉత్తర్వు తెచ్చింది. పేదరికం వల్లనో, పిల్లలు ఎక్కువయ్యారనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకుంటామంటే కుదరదని తేల్చింది. మంచి ఉద్దేశమే. అయితే అప్పటికే కొందరు విదేశీ దంపతులకు బిడ్డలు కుదిరి ఉన్నారు. వాళ్లు పేర్లు పెట్టుకుని, ఫొటోలు గోడకు తగిలించుకుని ఎదురుచూస్తుండగా కేసులన్నీ నిలిచిపోయాయి. నిజంగా కొన్న బిడ్డ ఎవరో, నిజంగా దిక్కులేని బిడ్డ ఎవరో తేల్చడానికి నెలలు పట్టింది, కొన్నింటికి ఏళ్లు పట్టింది. ఈలోపు పిల్లలు హోముల్లోనే నడక నేర్చుకున్నారు, మాటలు నేర్చుకున్నారు. పెద్దల నేరానికి జైలు పడ్డా పడకపోయినా, పసివాళ్లకు మాత్రం ఎదురుచూపు తప్పలేదు.

నేటి కట్టడి ఈ అనుభవాల మీద లేచిందే. పిల్లలను ముందుగా చూసి "ఈ పాప కావాలి" అని చెప్పే వీలు ఇప్పుడు లేదు. దేశంలోనివాళ్లయినా విదేశీయులయినా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఇంటి పరిశీలన నివేదిక జతపడాలి. వరస ప్రకారం కారా పంపే వివరాలనే చూడాలి. హోముకు వెళ్లి ఎంచుకునే పద్ధతి సంతలో బేరానికి దారి తీస్తుందని అందరికీ అర్థమైంది. పిల్లలను అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు. పద్ధతి తప్పి దత్తత తీసుకున్నా, ఇచ్చినా మూడేళ్ల దాకా శిక్ష ఉంది. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమైనా బయటపెడితే ఆరునెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్టేటస్‌లో పెట్టే కేకు ఫొటో ఈ సెక్షన్ కిందికి వస్తుందని ఎంతమందికి తెలుసు? రేపు ఆ బిడ్డ ఒక ఇంటికి వెళ్లి ఒక ఇంటిపేరుతో బడికి పోతున్నప్పుడు, పాత ఫొటో ఎవరి ఫోన్లో ఉంటుందో, ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

మరి విదేశీ దంపతులు బిడ్డను చూసేదెప్పుడు? వాళ్ల దేశంలో గుర్తింపు పొందిన దత్తత ఏజెన్సీ ద్వారా దరఖాస్తు రావాలి. విదేశీ దత్తతల మీద కుదిరిన హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే అక్కడి ప్రభుత్వ సంస్థ కూడా ఒప్పుకోవాలి. 1993 నాటి ఆ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. బిడ్డ నివేదిక, వైద్య పరీక్షల నివేదిక దంపతులకు అందుతాయి. దంపతుల ఫైలుకు కారా ఆమోదం ఉంటే, ఒప్పుకునే ముందే వచ్చి బిడ్డను కళ్లారా చూసే వీలు నిబంధనల్లో ఉంది. తమకు నచ్చిన డాక్టరుతో వైద్య నివేదికను చూపించుకోవచ్చు కూడా. ఐదేళ్లు దాటిన బిడ్డ అయితే బిడ్డ అంగీకారం కూడా కావాలి. ఆ తర్వాత కారా నిరభ్యంతర పత్రం, జిల్లా కలెక్టరు దత్తత ఉత్తర్వు, బిడ్డ పేరు మీద భారత పాస్‌పోర్టు, వీసా. 2022 సెప్టెంబరు దాకా ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. ఆలస్యమవుతోందని ఆ అధికారాన్ని కలెక్టర్లకు మార్చారు. విదేశీ దంపతులు సంస్థకు కట్టే మొత్తం కూడా ఇప్పుడు నిర్ణయించి ఉంది: ఐదు వేల డాలర్లు. దళారికి తావు లేకుండా అంకె అందరికీ తెలిసి ఉండటమే దీని లాభం.

ఉత్తర్వు వచ్చేలోగా, నిరభ్యంతర పత్రం అందాక, బిడ్డను మన దేశంలోనే తాత్కాలికంగా తమ దగ్గర ఉంచుకునే సౌకర్యం కూడా ఉంది. ఆ రోజులు ఎంత ఉంటే అంత మేలు. ఎందుకంటే మొదటి చూపు సినిమాల్లోలా ఉండదు. తెలుగు తప్ప మరోటి వినని నాలుగేళ్ల పిల్ల ముందు, ఎప్పుడూ చూడని రంగు జుట్టుతో ఇద్దరు మనుషులు కూర్చుని నవ్వుతుంటారు. ముందుగా పంపిన ఫొటో ఆల్బమ్‌లో ఆ ముఖాలు చూపించి, "వీళ్లు మీ అమ్మా నాన్నా" అని ఆయమ్మ వారాల తరబడి చెప్పి ఉంటే బిడ్డ కొంచెం కొంచెంగా దగ్గరకు వస్తుంది. చెప్పి ఉండకపోతే ఆయమ్మ కొంగు వదలదు. కొంగు వదలని బిడ్డను చూసి దంపతులు కంగారుపడతారు. నిజానికి సంతోషించాల్సిన విషయం అదే. ఒక మనిషిని గట్టిగా పట్టుకోవడం వచ్చిన బిడ్డ రేపు ఇంకో మనిషిని కూడా పట్టుకోగలదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఎవరు వచ్చినా పరుగెత్తుకొచ్చి చేతులు చాచే పిల్లలు. అనాథాశ్రమానికి వెళ్లి వచ్చినవాళ్లు తరచూ మురిసిపోతూ చెప్పేది ఇదే: "మేం వెళ్లగానే నా ఒళ్లో ఎక్కి కూర్చుంది, అమ్మా అంది, వస్తుంటే వదల్లేదు." పిల్లల మనసు చదివినవాళ్లకు ఈ మాట దిగులు పుట్టిస్తుంది. ఇంట్లో పెరిగే రెండేళ్ల బిడ్డ కొత్త మనిషిని చూస్తే అమ్మ వెనక దాక్కుంటుంది. దాక్కోవడానికి ఒక మనిషి ఉన్నారన్న భరోసా అది. షిఫ్టులు మారే ఆయాల మధ్య, వచ్చిపోయే సందర్శకుల మధ్య పెరిగిన బిడ్డకు ఆ తేడా పోతుంది. అందరూ ఒకటే అవుతారు. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక పరిశోధనలో ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగంమందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలినవాళ్లతో పోలుస్తూ ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకు వెళ్లినవాళ్లు తెలివిలోనూ అనుబంధంలోనూ మెరుగ్గా ఎదిగారు. రెండేళ్ల వయసులోపు వెళ్లినవాళ్లు మరీ బాగా కోలుకున్నారు. ఆశ్రమాల్లో అన్నం, బట్ట ఉన్నాయి. ఒకే మనిషి మళ్లీ మళ్లీ రావడం, పిలిస్తే పలకడం మాత్రం లేదు.

ఇప్పుడు కేకు పట్టుకొచ్చే మనల్ని ఆ బిడ్డ వైపు నుంచి చూడండి. ఆదివారం పదిమంది వచ్చారు, ఎత్తుకున్నారు, ముద్దు పెట్టారు, "మళ్లీ వస్తాం" అన్నారు. సోమవారం ఎవరూ లేరు. వచ్చే నెల ఇంకో పదిమంది. ప్రతిసారీ ఒక కొత్త ముఖానికి అతుక్కోవడం, ఊడిపోవడం. మనకది ఒక మంచి సాయంత్రం, బిడ్డకు అది అలవాటైపోయే ఎడబాటు. ఆఫీసు గుమ్మం దగ్గరే సామాను దించి వెళ్లమనడంలో అవమానమేమీ లేదు.

విమానం ఎక్కాక ఏమవుతుంది? రెండేళ్లపాటు ఏజెన్సీ నివేదికలు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకోటి, రెండో ఏడాది ఆరు నెలలకోటి. ఆ ఇంట్లో బిడ్డ కుదురుకోకపోతే తన సంగతి చూసే బాధ్యత కూడా ఆ ఏజెన్సీదే. ఇది చట్టం చెప్పే కథ. బిడ్డ కథలో ముందు పోయేది తెలుగు. విదేశాలకు దత్తత వెళ్లిన పిల్లలు తల్లిభాషను ఎంత త్వరగా మరిచిపోతారో చూసి భాషా శాస్త్రజ్ఞులే ఆశ్చర్యపోయారు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసులో కొరియా నుంచి ఫ్రాన్స్ వెళ్లినవాళ్లను పెద్దయ్యాక 2003లో పరీక్షిస్తే, కొరియా మాటలకు వాళ్ల మెదడు మామూలు ఫ్రెంచివాళ్లలాగే స్పందించింది. ఆనవాలే దొరకలేదు. పదకొండేళ్ల తర్వాత కెనడాలో చైనా నుంచి వెళ్లిన ఆడపిల్లల మీద చేసిన పరీక్షలో మాత్రం, ఒక్క ముక్క చైనీస్ రాకపోయినా ఆ భాషలోని స్వరాలను వాళ్ల మెదడు చైనీస్ తెలిసినవాళ్లలాగే పట్టుకుంది. మొదటి ఏడాదిలో చెవినపడ్డ భాష ఎక్కడో మిగిలే ఉందన్నమాట. ఆయమ్మల జోలపాటలు వృథా పోవని దీన్నిబట్టి అనుకుంటే తప్పులేదు.

భాష పోయినా ప్రశ్న పోదు. పద్దెనిమిదేళ్లు దాటాక దత్తత వెళ్లినవాళ్లు సొంతంగా తమ మూలాల వివరాలు అడిగే హక్కు నిబంధనల్లో ఉంది. అంతకంటే చిన్నవాళ్లు పెంచినవాళ్లతో కలిసి అడగవచ్చు. కన్నతల్లి గోప్యతకు భంగం రాకూడదన్న షరతు ఉంది. 1990ల్లో వెళ్లినవాళ్లకు ఇప్పుడు ముప్పై ఏళ్లు. అప్పటి వేలిముద్రల పత్రాల్లో ఏది నిజమో, ఏది దళారి రాయించిందో తేల్చుకోవడం వాళ్లకు సులువు కాదు. ఈరోజు బిడ్డ ఫైల్లో రాసే ప్రతి వాక్యం, ఏ ఊయలలో ఏ తేదీన దొరికిందన్న వివరం సహా, ముప్పై ఏళ్ల తర్వాత ఒకరు చదువుకుంటారని రాసే ఉద్యోగులు గుర్తుంచుకుంటే మేలు.

ప్రవాసులైన మనవాళ్లకు ఒక మాట ఇక్కడే చెప్పాలి. అన్నయ్య బిడ్డనో చెల్లెలి బిడ్డనో ఊళ్లో పెద్దల ముందు దత్తత పత్రం రాయించుకుని అమెరికా తీసుకుపోదామనుకునేవాళ్లు చాలామంది. ఆ పత్రం ఒక్కటే చూపిస్తే పని జరగదు. బంధువుల బిడ్డ అయినా కారా దారిలోనే వెళ్లాలి. లేకపోతే వీసా దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోతారు.

ఇక చెయ్యాలనుకునేవాళ్లు చెయ్యగలిగింది చాలా ఉంది. దత్తత తీసుకునే ఆలోచన ఉంటే కారా పోర్టల్‌లో నమోదు చేసుకోండి, పెద్ద వయసు పిల్లలకు, చికిత్స కావలసిన పిల్లలకు ఒప్పుకునే గడిలో టిక్కు పెట్టడానికి భార్యాభర్తలు ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. దత్తత కుదరకపోతే కొంతకాలం బిడ్డను ఇంట్లో పెట్టుకునే పెంపుడు కుటుంబ పథకం ఉంది, జిల్లా బాలల సంరక్షణ అధికారిని అడగండి. కష్టాల్లో ఉన్న కుటుంబం బిడ్డను వదులుకోకుండా నెలకు నాలుగు వేల రూపాయలిచ్చే సాయం ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్యలో ఉంది. మీ పనిమనిషికో, వాచ్‌మన్ కుటుంబానికో ఆ సంగతి చెప్పి దరఖాస్తు రాసి పెట్టండి. బిడ్డను అమ్ముతున్నారని, "ఆసుపత్రిలో ఒక పాప ఉంది, కావాలా" అని ఎవరైనా అంటే 1098కి ఫోన్ చెయ్యండి. పుట్టినరోజుకు పెట్టాలనుకున్న డబ్బు శిశుగృహం అడిగిన సామానుకు ఇచ్చి రండి. ఫోన్ మాత్రం జేబులోంచి తీయకండి.